మామ్మ రాట్నానికి ఎన్ని ఆకులు? (పిల్లల బొమ్మల పుస్తకం, సలహా కావాలి)

పొందూరు_అమ్మాయి | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఈ వేదికలో రెండేళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మాది పొందూరు. మా మామ్మ నలభై ఏళ్ళు ఖాదీకి నూలు వడికింది. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు కదా, మా అమ్మాయి (రెండో తరగతి) అది చూసి "మామ్మా, చేప కరవదా?" అని అడిగింది. అక్కడి నుంచి ఒక కథ అల్లాను. బొమ్మల పుస్తకంగా వేయాలని కోరిక. కథ 1,400 మాటలు వచ్చింది. మొదలు ఇలా ఉంది:

"అనగనగా శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు అనే గ్రామంలో ఒక మామ్మ ఉండేది. ఆమెకు తెల్లని జుట్టు, ముడతలు పడిన చేతులు, గుండ్రటి కళ్ళజోడు ఉండేవి. ఆమె ప్రతిరోజూ ఉదయాన్నే లేచి, అరుగు మీద కూర్చుని, చేప దవడతో పత్తిని ఎంతో శ్రద్ధగా శుభ్రం చేసేది."

పోయినేడు ఒక పట్నం ఆర్టిస్టుకి అడ్వాన్సు ఇచ్చి బొమ్మలు వేయించాను. మామ్మ చీరకట్టు గుజరాతీ కట్టులా ఉంది. రాట్నం పెట్టెలో మడిచే చిన్న రకం. చేప దవడ బదులు చేపల ముల్లు. అడిగితే "ఇంటర్నెట్‌లో ఇలాగే ఉంది మేడమ్" అన్నారు. డబ్బు పోయింది, బొమ్మలు అలాగే పడున్నాయి.

నా ప్రశ్నలు: కథ ఎంత ఉండాలి? పేజీలెన్ని? మాటలు మా యాసలో రాయొచ్చా? బొమ్మలు ఎవరిచేత, ఎలా వేయించాలి?

---

కొత్త_కలం | సోమవారం, రాత్రి 9:40

ఫాలో అవుతున్నా. నాదీ ఇదే టెన్షన్.

---

రంగుల_డబ్బా | సోమవారం, రాత్రి 11:05

నమస్తే అండీ. మాది విజయనగరం, కోట దగ్గర. పన్నెండేళ్ళుగా పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాను. కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

ఆ మొదటి పేరాలో తెల్లజుట్టు, ముడతలు, కళ్ళజోడు, అరుగు, ఉదయం... ఇవన్నీ నేను గీయాల్సినవి. మీరే చెప్పేస్తే ఇక నేను గీసేదేముంది? బొమ్మల పుస్తకంలో మాట ఒక సగం మోస్తే బొమ్మ ఇంకో సగం మోస్తుంది. రెండూ ఒకే మూటని ఎత్తుకుంటే పిల్లలకి విసుగు. బొమ్మ చూపించేదాన్ని రాతలోంచి కొట్టేయండి. మీ 1,400 మాటలు నాలుగైదు వందలకి దిగుతాయి. దిగాక కూడా రెండు చోట్ల ఎక్కువే ఉంటాయి.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పేజీ తిప్పడం అనేది కథలో ఒక సంఘటన. పిల్ల చెయ్యి కాగితం అంచు పట్టుకున్నప్పుడు "తర్వాతేటి?" అనుకోవాలి. మీకున్న బంగారం లాంటి ముక్క చేప. దాన్ని మొదటి పేరాలోనే, అదీ మూడో వాక్యం మధ్యలో "చేప దవడతో" అని ఖర్చు పెట్టేశారు. దాచండి. నేనైతే ఇలా పంచుతాను:

మొదటి పేజీ: "మామ్మ దగ్గర ఒక చేప ఉంది." బొమ్మలో చేప కనబడదు. మామ్మ చెయ్యి గుడ్డసంచిలోకి దూరుతూ ఉంటుంది, అంతే.

పేజీ తిప్పితే: "దానికి ఒళ్ళు లేదు. తోక లేదు. పళ్ళే ఉన్నాయి."

ఇది మీ కథే, నేను కొత్తగా చేర్చిందేమీ లేదు. పిల్ల అడిగిన ప్రశ్న మూడో జత పేజీలకి వస్తుంది.

ముందు ఒక డమ్మీ చేయండి. ఏ4 కాగితాలు మడిచి, పిన్ను కొట్టి, పెన్సిలుతో కర్ర మనుషులైనా సరే గీసి, మాటలు ఎక్కడెక్కడ పడతాయో రాసుకోండి. బొమ్మ రానివాళ్ళు కూడా చేయాలి. చేతిలో తిప్పి చూస్తే గానీ ఎక్కడ సాగుతోందో తెలీదు.

---

ప్రెస్సు_బాబాయ్ | మంగళవారం, ఉదయం 6:20

అమ్మాయీ, శ్రీకాకుళంలో ముప్పై ఏళ్ళు డీటీపీ, ఆఫ్‌సెట్ చేసినవాణ్ణి. పేజీల సంగతి నేను చెబుతా.

సెంటర్ పిన్ పుస్తకం (మధ్య మడతలో పిన్ను కొట్టేది) అయితే పేజీల లెక్క నాలుగుతో పోవాలి. ఒక కాగితం మడిస్తే నాలుగు పేజీలు, అందుకు. పెద్ద షీటు మడిస్తే ఎనిమిదీ పదహారూ వస్తాయి కాబట్టి 16, 24, 32 చవగ్గా పడతాయి. ప్రపంచమంతా బొమ్మల పుస్తకాలకి 32 అనే అలవాటు అక్కణ్ణుంచే. నీ కథకి 24 చాలు. ఒకటి లోపలి టైటిల్, రెండు ప్రచురణ వివరాలు. మూడో పేజీలో కథ మొదలు. 4-5 నుంచి 22-23 దాకా పది జతలు. చివర 24 ఒంటి పేజీ. అట్ట వేరే.

రంగులు కంప్యూటర్‌లో మెరిసినట్టు కాగితం మీద మెరవవు. స్క్రీను వెలుగుతో చూపిస్తుంది, మేము నాలుగు సిరాలతో అద్దుతాం. ఆ చిలకపచ్చ, ఆ నెమలినీలం చప్పబడిపోతాయి. బొమ్మ మొదలెట్టేముందే సీఎంవైకేలో, అదే మా నాలుగు సిరాల లెక్కలో, పెట్టుకోమని ఆర్టిస్టుకి చెప్పు. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. బొమ్మ పేజీ అంచుదాకా పోతే చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా గీయాలి, కటింగులో పోతుంది. అక్షరాలు అంచుకి దూరంగా పెట్టాలి. ఒకసారి ఒకాయన పుస్తకంలో రాజుగారి కిరీటం కోసేసింది మా మిషను. ఆయన నన్ను తిట్టని తిట్టు లేదు. ఫైలు మాత్రం ఆయన ఇచ్చిందే.

ఆఫ్‌సెట్‌కి ప్లేట్లు చేయాలి, ఆ ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. అందుకని వందా రెండొందలు అయితే డిజిటల్‌లో వేయించు. వెయ్యి దాటుతుందంటే ఆఫ్‌సెట్.

---

తేలుకుంచి_గూడు | మంగళవారం, ఉదయం 8:02

పొందూరు అప్పా, మీ చేపముల్లు బాధ నాకు తెలుసు. మా ఇచ్ఛాపురం పక్క తేలుకుంచికి ఏటా వానల ముందు కొంగలొస్తాయి, చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి. నత్తగుల్ల కొంగలు. మూసినా వాటి ముక్కు మధ్యలో సందు ఉంటుంది, నత్తల్ని పట్టుకోడానికి. మా బడి కోసం చిన్న పుస్తకం చేయించాం. ఆర్టిస్టు ఎంతో అందమైన కొంగని గీశాడు, ముక్కు నిండుగా మూసి. మూడో తరగతి గుంటడు చూసి "ఇది మా కొంగ కాదు సార్" అని పుస్తకం పక్కన పడేశాడు.

మళ్ళీ గీయించాం. ఈసారి పిల్ల కొంగలకి కూడా సందు పెట్టాడు! పిల్లలకి ఆ సందు ఉండదు, పెద్దయ్యాకే వస్తుంది. మూడోసారికి ఆయన్నే తీసుకొచ్చి చెట్టుకింద కూర్చోబెట్టాం. ఆ మూడో బొమ్మలో తల్లి ముక్కుకి సందు, పిల్ల ముక్కుకి లేదు. రాతలో ఆ మాటే లేదు. అయినా పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టి ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు.

మీ ఆర్టిస్టుని పొందూరు తీసుకెళ్ళండి. ఒక్క పూట చాలు.

---

టెక్కీ_తమ్ముడు | మంగళవారం, ఉదయం 10:15

ఇంత శ్రమ ఎందుకండీ, ఏఐతో పది నిమిషాల్లో బొమ్మలొస్తాయి కదా.

---

టెక్కీ_తమ్ముడు | మంగళవారం, ఉదయం 10:48

సరే, ఇచ్చి చూశాను. మామ్మ చేతిలో బతికున్న చేప, చేప నోట్లో ప్లాస్టిక్ దువ్వెన. మామ్మకి ఆరు వేళ్ళు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా 🙏

---

వ్యాకరణం | మంగళవారం, మధ్యాహ్నం 1:30

యాస గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. పిల్లల పుస్తకంలో యాస వద్దు. పిల్లలు భాష నేర్చుకునే వయసది. "ఏటి", "సూసినావా" అని అచ్చులో చూస్తే అదే సరైనదనుకుంటారు, రేపు పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకుంటారు. పైగా కడపలో పిల్లవాడు ఈ పుస్తకం కొనాలా వద్దా?

---

సీతంపేట_టీచర్ | మంగళవారం, రాత్రి 8:20

మాస్టారూ, ఈ మాట మీరు శ్రీకాకుళం వాళ్ళకి చెప్పడం కొంచెం తమాషాగా ఉంది. గిడుగు రామమూర్తి గారు పుట్టింది ఈ జిల్లాలోనే, 1863లో, పర్వతాలపేటలో. జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని జీవితమంతా కొట్లాడిన మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన సవర గిరిజనుల భాష కూడా నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు.

నేను సవర పిల్లలున్న బడిలో చెబుతున్నాను. వాళ్ళకి ఇంట్లో తెలుగు లేదు. అచ్చ పుస్తకం తెలుగు మొదటిరోజు నుంచే గోడలా అడ్డం నిలబడుతుంది. బొమ్మ బాగుంటే ఆ గోడకి ఒక కిటికీ పడుతుంది. నేను పుస్తకం చదివేటప్పుడు పిల్లల కళ్ళు పేజీ మీద ఉన్నాయా, బయట మేక మీద ఉన్నాయా అని చూస్తాను. మేక గెలిచిన పేజీని పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాను. పొందూరు మేడమ్, మీ డమ్మీ తయారయ్యాక ఒక తరగతిలో చదివి చూడండి. ఇంట్లో పిల్లకి కాదు, తను మొహమాటానికి బాగుందంటుంది.

చదవడం అప్పుడే వస్తున్న పిల్లలకైతే ఒత్తుల సంగతి కూడా చూసుకోండి. "అమ్మ", "తెల్లటి" లాంటివి ఫరవాలేదు, అదే అక్షరం కింద అదే ఒత్తు. "శ్రద్ధగా", "స్వచ్ఛమైన" దగ్గర బండి ఆగిపోతుంది. మీ మొదటి పేరాలోనే అలాంటివి ఆరేడు ఉన్నాయి. పెద్దవాళ్ళు చదివి వినిపించే పుస్తకమైతే ఇంత పట్టింపు అక్కర్లేదు. ఏ రకమో ముందే తేల్చుకోండి.

ఇంకొక చిన్న మాట, అడగకపోయినా. కొందరు ఆర్టిస్టులు ఉత్తరాంధ్ర అనగానే పేజీల చుట్టూ సవర బొమ్మల అంచు వేస్తారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ ఇడిటల్ బొమ్మలు పూజకి వేసేవి, పెద్దల పేరు మీద, దేవతల పేరు మీద. అలంకారం కాదు. మీ కథ పొందూరుది. దానికి ఆ అంచు అక్కర్లేదు.

---

వ్యాకరణం | మంగళవారం, రాత్రి 9:02

గిడుగు వారిని నాకు చూపించి నన్ను నోరు మూయించడం న్యాయం కాదు 🙂 వ్యావహారికం వేరు, మాండలికం వేరు. సరే, మధ్యేమార్గం: కథ చెప్పే గొంతు అందరికీ తెలిసిన తెలుగులో, మనుషుల నోటి మాటలు వాళ్ళ తెలుగులో. ఒక పేజీ రాసి చూపించండి, చదివి చెబుతాను.

---

పొందూరు_అమ్మాయి | మంగళవారం, రాత్రి 10:30

అందరికీ చాలా థాంక్స్. ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు.

వ్యాకరణం మాస్టారూ, ఇదిగో మూడో జత (కథలో పిల్ల పేరు మల్లి):

ఎడమ పేజీ: మల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది. "మామ్మా, చేప కరవదా?"

కుడి పేజీ: "కరవదే గుంటా! దువ్వుతాది."

ముందు "కరవదు తల్లీ, ఇది పత్తిని దువ్వుతుంది" అని రాశాను. మా మామ్మకి చదివి వినిపిస్తే "ఆవిడెవరో మేష్టారమ్మలా ఉంది" అంది.

---

వ్యాకరణం | మంగళవారం, రాత్రి 10:41

ఉంచండి.

---

బొబ్బిలి_లాయరు | బుధవారం, ఉదయం 7:15

ఆ పట్నం ఆర్టిస్టుతో కాగితం ఏమైనా రాసుకున్నారా? లేదనే అనుకుంటున్నాను. ఈసారి రాసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఇంకొకరికి ఇవ్వడం లిఖితపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్ళే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మట్టుకే అని అర్థం. ఎవరైనా ప్రచురణకర్త మీ చేత "సర్వహక్కులూ" అని సంతకం పెట్టించుకుంటుంటే ఆ మాట దగ్గర ఆగండి.

రంగుల డబ్బా గారూ, ఇది మీకు: డబ్బు తీసుకుని ఎవరి కోసమైనా పెయింటింగ్ వేస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్ళే.

---

రంగుల_డబ్బా | బుధవారం, ఉదయం 7:50

పన్నెండేళ్ళ తర్వాత ఈ సంగతి ఫోరమ్‌లో తెలియాలా నాకు!! ఇవాళే పాత కాగితాలన్నీ తీస్తాను.

పొందూరు మేడమ్, మీకు అభ్యంతరం లేకపోతే ఈ పుస్తకం నేను వేస్తాను. ఆదివారం మీ ఊరు వస్తాను. ముందు కాగితం రాసుకుందాం, తర్వాత బొమ్మ. మామ్మ గారు పని చేస్తుంటే పక్కన కూర్చోవాలి, అంతే నాకు కావాల్సింది.

---

రంగుల_డబ్బా | ఆదివారం, రాత్రి 9:30

వెళ్ళొచ్చాను. నా స్కెచ్ బుక్కులో 31 పేజీలు నిండాయి. నాకు తెలీని ముక్కలు ఎన్నో.

ఒకటి, దవడ. నేనేదో పెద్దగా, రంపంలా ఉంటుందనుకున్నాను. చిన్న ముక్క. పళ్ళు సూదిమొనల్లా, ఒత్తుగా, కంటికి సరిగ్గా ఆనవు, వేలు పెడితే తెలుస్తాయి. మామ్మ గారు గింజతో ఉన్న పత్తిని ఎడంచేతి వేళ్ళ మధ్య పట్టుకుని కుడిచేత్తో దవడని లాగుతుంటే ఆకుపొడి రాలిపోయి పోగులన్నీ ఒక వైపుకి తిరుగుతాయి. పాపకి జడ వేసేముందు చిక్కు తీస్తారే, అచ్చం అలాగే. అందుకే ఒక జతలో ఎడంపక్క మామ్మ పత్తి దువ్వుతూ, కుడిపక్క అమ్మ మల్లి తల దువ్వుతూ వేస్తున్నాను. మాటలేమీ ఉండవు. మేడమ్ అక్కడ మూడు వాక్యాలు రాశారు, బతిమాలి తీయించాను.

రెండు, ఏకులు. దూది ఏకాక చుట్టిన ఏకుల్ని అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. ఏ ఫొటోలోనూ నాకు కనబడని వస్తువది.

మూడు, తెలుపు. ఖాదీ తెలుపు కాగితం మీద ఎలా చూపించాలా అని దారంతా ఆలోచించాను. పత్తికి రంగే వేయను. చుట్టూ అరుగు, గోడ, చీర, నీడ అన్నీ వేసి పత్తి ఉన్నచోట కాగితాన్ని ఖాళీగా వదిలేస్తాను. వడ్డాది పాపయ్య గారి ఊరు పక్క బొమ్మ వేస్తూ రంగు తక్కువ వాడటం కాస్త భయమే. చందమామ అట్టల మీద ఆయన రంగులు చూసి పెరిగినవాళ్ళం.

నాలుగు, రాట్నం. చక్రానికి 24 ఆకులు, అంటే ఇరుసు నుంచి అంచుదాకా పోయే పుల్లలు. నేను ఎనిమిది గీశాను. మామ్మ గారు నా పుస్తకంలోకి తొంగి చూసి "ఇది బండి చక్రమేటమ్మా?" అన్నారు. పుస్తకంలో రాట్నం పదకొండు చోట్ల ఉంది. పదకొండు ఇంటూ ఇరవై నాలుగు. లెక్కపెట్టే పిల్లలు ఉంటారు, తప్పదు.

---

తేలుకుంచి_గూడు | ఆదివారం, రాత్రి 9:44

ఉంటారు. మా గుంటడు ఉన్నాడు.

---

ప్రెస్సు_బాబాయ్ | సోమవారం, ఉదయం 6:05

పెద్ద రాట్నం బొమ్మ రెండు పేజీల మీదుగా పరుస్తావా అమ్మా? అలాగైతే 12-13లోనే పెట్టు. 24 పేజీల సెంటర్ పిన్‌లో అదొక్కటే అఖండమైన కాగితం. మిగతా ఏ జత తీసుకున్నా ఎడం సగం ఒక కాగితం మీద, కుడి సగం ఇంకో కాగితం మీద అచ్చవుతాయి. మడతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా చక్రం విరిగినట్టు కనబడుతుంది. పిన్నులు రెండూ అక్కడే పడతాయి, చక్రం ఇరుసు వాటి మధ్యలోకి వచ్చేట్టు చూసుకో.

అక్షరాలకి అనూ ఫాంట్ వద్దు, యూనికోడే వాడండి. రేపు ఈ పుస్తకం ఫోన్లో పెట్టాలన్నా పనికొస్తుంది. మండలి ఫాంట్ ఉచితం, పిల్లలకి అక్షరం విడివిడిగా కనబడుతుంది. లైనుకీ లైనుకీ మధ్య బాగా ఖాళీ వదలండి. మన అక్షరాలకి పైన గుడి, కింద ఒత్తు. ఇరుకైతే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుకుంటుంది. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకం గుర్తింపు నంబరు) ఎవరికీ డబ్బివ్వకు, ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా ఇస్తారు.

---

పొందూరు_అమ్మాయి | మూడు వారాల తర్వాత, శుక్రవారం, సాయంత్రం 6:50

డమ్మీ తయారైంది. కథ 312 మాటలు. మా అమ్మాయి తరగతిలో చదివాను, టీచర్ గారు చెప్పినట్టు. ఎనిమిదో జత దగ్గర ఇద్దరు కిటికీ వైపు చూశారు. అక్కడ ఖాదీ గొప్పతనం గురించి రాసిన రెండు వాక్యాలు తీసేశాను. "దువ్వుతాది" దగ్గర అందరూ నవ్వారు, తర్వాత నాకంటే ముందే అరవడం మొదలెట్టారు.

ఒక సమస్య. 12-13లో పెద్ద రాట్నం జిరాక్స్ తీసి, పిన్ను కొట్టి, మామ్మకి చూపించాను. వేలు పెట్టి ఒక్కొక్క ఆకూ లెక్కపెట్టింది. ఇరవై రెండే అంది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై రెండే.

---

రంగుల_డబ్బా | శుక్రవారం, సాయంత్రం 7:02

అస్సలు కాదు! ఇరవై నాలుగు గీశాను, కోణమానిని పెట్టి 15 డిగ్రీలకొకటి!

---

ప్రెస్సు_బాబాయ్ | శుక్రవారం, సాయంత్రం 7:20

పైకి ఒకటి, కిందికి ఒకటి నిట్టనిలువుగా గీశావా?

---

రంగుల_డబ్బా | శుక్రవారం, సాయంత్రం 7:23

అవును బాబాయ్... అయ్యో. రెండూ మడతలో పడిపోయాయి.

---

ప్రెస్సు_బాబాయ్ | శుక్రవారం, సాయంత్రం 7:31

చక్రాన్ని ఏడున్నర డిగ్రీలు తిప్పి పంపు. మడత రెండు ఆకుల మధ్యలోకి వస్తుంది. సోమవారం దాకా ఫైలు ముట్టుకోను. ఈలోగా ముసలావిడ చేత ఇంకోసారి లెక్కపెట్టించండి.